తిల్దాలో తాళం పడిన రోజులు

విశాఖపట్నం నుండి కోర్బా వెళ్ళే రైలు రాయపూర్ దాటి బిలాస్‌పూర్ దిక్కుగా సాగేటప్పుడు, కిటికీ పక్కన కూర్చున్న తెలుగు ప్రయాణికునికి కనిపించే స్టేషన్ల పేర్లు అంతగా పరిచయమైనవి కావు. ఉర్కురా, మాంఢర్, సిలియారీ, బైకుంఠ్, ఆ తరువాత తిల్దా-నేవరా. రాయపూర్ జిల్లాలోనే, జిల్లా కేంద్రానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ జంట పేరు గల పట్టణం బియ్యపు మిల్లుల ఊరు. చుట్టుపక్కల సున్నపురాయి నేలలు, వాటిని ఆశ్రయించుకొని వెలసిన సిమెంటు కర్మాగారాలు, మధ్యన కనుచూపు మేర వరి మళ్ళు. ఛత్తీస్‌గఢ్‌కు హిందీలో 'ధాన్ కా కటోరా' అని పేరు, అంటే వడ్లగిన్నె. కోనసీమను చూచిన కంటికి ఈ మళ్ళు కాలువకంటె వాననే ఎక్కువ నమ్ముకొన్నట్లు కనిపిస్తాయి. వడ్ల వాసన మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

2020, 2021 సంవత్సరాలలో కరోనా వ్యాధి కారణంగా దేశం తలుపులు మూసుకొన్నప్పుడు మహానగరాల వృత్తాంతం పత్రికలలో విస్తారంగా వచ్చింది. ఆసుపత్రులు, మరణాలు, అంకెలు చరిత్రకు ఎక్కాయి. ఎక్కవలసినవే. కాని చెప్పు తెగితే కుట్టేవాడు కనిపించకపోవడం, కళ్ళజోడు విరిగితే నెలరోజులు దారంతో కట్టుకొని తిరగడం, జుట్టు పెరిగి చెవులమీద పడడం వంటివి చరిత్రకు ఎక్కవు. మానవుడు నిత్యం అనుభవించేది మాత్రం వీటినే. తిల్దా వంటి ఊరిలో ఈ చిన్న చిన్న చికాకులను ఒక్కొక్కదానినే విప్పి చూస్తే, ఆ ఊరు ఎవరెవరిమీద ఆధారపడి బ్రతుకుతున్నదో, దాని మీద ఆధారపడినవారు ఎక్కడెక్కడ ఉన్నారో వెల్లడి అవుతుంది.

2020 మార్చి 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి దేశ ప్రజలనుద్దేశించి ప్రసంగించారు. ఆ అర్ధరాత్రి నుండి 21 రోజులపాటు ఎవరూ గడప దాటరాదని ప్రకటించారు. మరునాడు మార్చి 25, తెలుగువారికి శార్వరి నామ సంవత్సర ఉగాది. ఛత్తీస్‌గఢ్‌లో అదే చైత్ర నవరాత్రులకు ఆరంభం. అక్కడి దేవీ ఆలయాలలో భక్తుల పేరిట వరుసలు వరుసలుగా జ్యోతికలశాలు వెలిగించే ఆచారమున్నది. ఆ ఏడు జ్యోతులున్న చోట భక్తులు లేరు. వేపపువ్వు దొరకని తెలుగు ఇల్లూ, జ్యోతి చూడలేకపోయిన ఛత్తీస్‌గఢీ ఇల్లూ ఒకే ఉదయాన ఒకే విధంగా తలుపు వేసుకొన్నాయి. ఉత్తర్వులకు ఆధారమైన చట్టాలు రెండు: బొంబాయి ప్లేగు కాలంలో పుట్టిన 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. గడువు ఏప్రిల్ 14న పొడిగించబడింది, మేలో మళ్ళీ రెండుసార్లు పొడిగించబడింది. ఆ తరువాత సెప్టెంబరులో ఒక వారం, 2021 ఏప్రిల్ 9వ తేదీ సాయంత్రం నుండి అనేక వారాలు, రాయపూర్ జిల్లాకు ప్రత్యేకంగా తాళం పడింది.

తాళం అనగానే ఒక భాషా విషయం చెప్పుకోవాలి. హిందీ పత్రికలు లాక్‌డౌన్‌కు 'తాలాబందీ' అనే మాట వాడాయి. ఇది కొత్త మాట కాదు. యజమాని కర్మాగారం గేటుకు తాళం వేసి కార్మికులను వెలుపల నిలబెట్టినప్పుడు వాడుతూ వచ్చిన మాట. తెలుగులో దానినే లాకౌట్ అంటూ వచ్చాము. కార్మికుడు బయట మిగిలిపోయేది ఆ తాలాబందీ, ఇంటిలో మిగిలిపోయేది ఈ తాలాబందీ. కాని సంతలోను, వీధి అరుగు మీద ఈ మాట నిలువలేదు. జనం 'లాక్‌డౌన్' అనే అన్నారు. దానికి జోడించిన క్రియాపదం మాత్రం అచ్చమైన స్వదేశీయం: 'లాక్‌డౌన్ లగ్ గయా.'

హిందీలో ఈ 'లగ్నా' అనే క్రియ అనువాదకులను ఏడ్పించే క్రియ. గ్రహణ్ లగ్తా హై, ఆగ్ లగ్తీ హై, నజర్ లగ్తీ హై, భూఖ్ లగ్తీ హై, మేలా లగ్తా హై. తెలుగులో గ్రహణం పడుతుంది, నిప్పు అంటుకొంటుంది, దిష్టి తగులుతుంది, ఆకలి వేస్తుంది, తిరునాళ్ళు జరుగుతుంది. అక్కడ ఒక్క మాట చేసే పనికి ఇక్కడ అయిదు మాటలు కావలసివస్తున్నవి. లాక్‌డౌన్ కూడా గ్రహణంవలె, దిష్టివలె, ఆకలివలె వచ్చి 'లగింది'. దానిని పెట్టినవారి ప్రసక్తి ఆ వాక్యంలో లేదు. తెలుగువాడు 'లాక్‌డౌన్ పెట్టారు' అన్నాడు. 'పెట్టారు' అన్నప్పుడు పెట్టినవారెవరో ఉన్నారు, వారిని అడగవచ్చు, ఎత్తివేయమని కోరవచ్చు. రెండు జాతుల స్వభావాలను ఒక్క క్రియాపదం నుండి నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. అయినా ఆ రోజులలో తిల్దా వీధిలో వినిపించిన నిట్టూర్పు మాత్రం గ్రహణం విడుపు కోసం ఎదురుచూచేవాని నిట్టూర్పే.

ఇక చికాకుల సంగతి. వాటిలో అగ్రతాంబూలం గుడాఖూకు ఇవ్వవలసి ఉంటుంది. గుడాఖూ అంటే పొగాకు, బెల్లపు మడ్డి కలిపి నూరిన నల్లని ముద్ద. ఛత్తీస్‌గఢ్‌లో స్త్రీపురుష భేదం లేకుండా ఎందరో తెల్లవారగానే దానిని వేలితో పళ్ళకు రుద్దుకొంటారు. దంతధావనం అనేది నెపం, అసలు సంగతి మత్తు. శ్రీకాకుళం పల్లెలలో అడ్డపొగ మానలేని అవ్వలను ఎరిగినవారికి దీనిని వేరుగా వివరించవలసిన పని లేదు. పాలు, కూరలు, మందులు, బియ్యం అత్యవసర వస్తువుల జాబితాలో ఉన్నాయి, గుడాఖూ లేదు. పైగా 2020 ఏప్రిల్ మధ్యలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఆదేశాలలో మద్యంతోపాటు పొగాకు అమ్మకం కూడా నిషేధింపబడింది. చిన్న డబ్బా ధర దొంగచాటున అనేక రెట్లు పలికింది. అది లేక తలనొప్పి, మలబద్ధకం, ఇంటిలో కయ్యాలు. వ్యాధి నిపుణులు ఈ వ్యసనం తొలగిపోవడానికి ఇదే మంచి అదను అని భావించి ఉండవచ్చు. అలా జరుగలేదు. దుకాణాలు తెరుచుకోగానే డబ్బాలు మళ్ళీ వరుసగా కనిపించాయి. మద్యం దుకాణాలు మే 4వ తేదీన తెరుచుకొన్నప్పుడు ఏర్పడిన వరుసల సంగతి లోకవిదితమే.

క్షౌరశాల సంగతి మరింత వినోదకరం. ఏప్రిల్ 25న కేంద్ర ప్రభుత్వం నివాస ప్రాంతాలలోని చిల్లర దుకాణాలు తెరవవచ్చునని తెలిపింది. వెంటనే ప్రశ్న పుట్టింది: మరి మంగలి దుకాణమో? క్షౌరశాల సరుకు అమ్మదు, సేవ చేస్తుంది, కనుక ఈ సడలింపు దానికి వర్తించదని అధికారుల సమాధానం. చట్టభాషలో ఇది నిర్దుష్టమైన సమాధానం. కాని నెల రోజులుగా గడ్డం పెరిగిన వృద్ధునికీ, నెల రోజులుగా కత్తెర ముట్టని క్షురకునికీ వస్తువుకు సేవకు గల భేదం వివరించడం సామాన్య విషయం కాదు. ఇళ్ళలో భార్యలు, కొడుకులు కత్తెర పట్టారు. దేశం నిండా ఒక్కసారిగా తలలన్నీ మెట్లుమెట్లుగా మారాయి.

ఎండాకాలంలో రాయపూర్ మైదానం నిప్పుల కొలిమి. సూర్యుడు రోహిణీ నక్షత్రంలో ప్రవేశించిన తరువాత తొమ్మిది రోజులను అక్కడ 'నౌతపా' అంటారు. రోళ్ళు పగిలే రోహిణీ కార్తె అని మనం చెప్పుకొనేది అదే. ఆ వేడికి కూలరే గతి. ప్రతి ఏటా మార్చి నెలాఖరులో కూలరును అటక మీది నుండి దించి, వట్టివేళ్ళ తడికలు మార్చి, నీరు తోడే చిన్న మోటారు బాగుచేయించుకోవడం అక్కడి గృహస్థుని ధర్మం. 2020లో సరిగ్గా ఆ అదనుకే తాళం పడింది. తడికలు అమ్మే దుకాణం మూత, మోటారు బాగుచేసేవాడు ఇంటిలో. కుమ్మరి చేసిన కుండలు ఆవం పక్కనే దొంతరలుగా నిలిచిపోయాయి. ఆ కుండ కావలసినవాడు నాలుగు వీధుల అవతల వేడినీళ్ళు త్రాగుతూ కూర్చున్నాడు. నాలుగు వీధులు నలభై ఆమడలయ్యాయి. ఇదే ఆనాటి చికాకు స్వభావం: లేకపోవడం కాదు, ఉండి అందకపోవడం.

వంటింటిలో మాత్రం ఊరు తన పాత తెలివిని బయటకు తీసింది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉదయం ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినడం ఛత్తీస్‌గఢ్‌లో 'బాసీ'. తెలుగువారి చద్దన్నానికి అది స్వయానా తోబుట్టువు. బూడిదగుమ్మడి తురుముతో మినప్పిండి కలిపి ఎండబెట్టిన 'రఖియా బడీ' మన గుమ్మడి వడియమే. కూరలు రాని రోజున డబ్బా అడుగున మిగిలిన నాలుగు వడియాలు రెండు రాష్ట్రాలలోనూ ఒకే విధంగా ఆదుకొన్నాయి. దూరదర్శన్ మార్చి 28 నుండి రామాయణాన్ని మళ్ళీ ప్రసారం చేసింది. ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. ఇంటిలో ముగ్గురు తరాలవారు ఒకే గదిలో ఒకే బొమ్మ ముందు కూర్చోవడం చాలాకాలానికి జరిగింది. ఒకే గదిలో అన్ని గంటలు కూర్చోవడం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలిసివచ్చింది. అత్తాకోడళ్ళ మధ్య, తండ్రీకొడుకుల మధ్య రాజుకొన్న ఆ చిరుకలహాలను ఏ నివేదికా నమోదు చేయలేదు.

అధికారులు సడలింపు ఇచ్చినప్పుడు హిందీలో 'ఛూట్ మిలీ' అన్నారు. అంటువ్యాధి హిందీలో 'ఛూత్ కీ బీమారీ'. ఛూట్‌కూ ఛూత్‌కూ మధ్య ఒక్క అక్షరమే తేడా. ఆ ఛూత్ నుండి పుట్టినదే 'ఛువాఛూత్', అంటే అంటరానితనం. ఈ కారణంగానే 'సామాజిక దూరం' అనే నినాదం తిల్దా వంటి చోట ఇబ్బందిగా వినిపించింది. గురు ఘాసీదాస్ జన్మించిన గిరౌద్‌పురి పూర్వపు రాయపూర్ జిల్లాలోనిదే. 1756లో జన్మించిన ఆ మహనీయుడు కులభేదాలను నిరాకరించి సత్నామ్ మార్గాన్ని బోధించాడు. ఆయన అనుయాయులు ఈ మైదానంలో లక్షల సంఖ్యలో ఉన్నారు. దూరంగా నిలబడు అనే మాటను తరతరాలుగా విన్నవారికి అదే మాటను గోడమీద ప్రభుత్వ నినాదంగా వ్రాసి చూపినప్పుడు ఏమి తోచి ఉంటుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే భౌతిక దూరం అనే మాటను చేపట్టింది. తెలుగు పత్రికలు కూడా చాలావరకు దానినే అనుసరించాయి. హిందీ ప్రచారంలో 'దో గజ్ కీ దూరీ' అనే నినాదం స్థిరపడింది. రెండు గజాలు, కొలతే తప్ప సమాజం ప్రసక్తి లేదు. మూడింటిలో ఇదే మేలైనదని చెప్పాలి.

క్వారంటీన్ కూడా మన సాహిత్యానికి కొత్త కాదు. రాజిందర్ సింగ్ బేదీ ఉర్దూలో అదే పేరుతో వ్రాసిన కథలో ప్లేగు కంటె క్వారంటీన్‌కే జనం ఎక్కువ భయపడతారు. ఆ భయం మధ్య రోగులను చేరదీసేవాడు భాగూ అనే పాకీ పనివాడు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా దేశంలో అతి తీవ్రంగా కబళించిన ప్రాంతాలలో నాటి మధ్యపరగణాలు ఒకటి, ఛత్తీస్‌గఢ్ అందులో భాగం. హిందీ మహాకవి నిరాలా భార్య ఆ జబ్బుతోనే మరణించింది. ఒక శతాబ్దం గడిచాక తిల్దాలో వీధులు ఊడ్చినవారు, చెత్త ఎత్తినవారు, ఆసుపత్రి నేల తుడిచినవారు భాగూ సంతతివారే. వారికి మాత్రం ఒక్కరోజు కూడా తాళం పడలేదు.

గ్రామాలు తమకు తెలిసిన పద్ధతిలో స్పందించాయి. ఛత్తీస్‌గఢ్‌లో శ్రావణ అమావాస్యనాడు హరేలీ పండుగ. ఆనాడు బైగా, అంటే గ్రామ పూజారి, మంత్రంతో పొలిమేరను కట్టుదిట్టం చేస్తాడు. దానిని 'గాఁవ్ బాంధనా' అంటారు. తెలుగు పల్లెలలో అమ్మవారి జాతరనాడు పొలిమేర వెంట పొలి చల్లడం ఇటువంటిదే. 2020 వేసవిలో ఈ కట్టు మంత్రం రూపం వదలి వెదురుకర్ర రూపం ధరించింది. ఊరి దారికి అడ్డంగా వాసం, దాని పక్కన ముఖానికి గమ్ఛా చుట్టుకొన్న ఇద్దరు యువకులు. తెలంగాణ గ్రామాలలో ముళ్ళకంపలు వేశారు. రెండు చోట్లా ఆ ఊరి ఆడపడుచు కూడా లోపలికి రాలేకపోయింది.

మిల్లుల మాట చెప్పకపోతే తిల్దా వృత్తాంతం పూర్తి కాదు. బియ్యం అత్యవసర వస్తువు కాబట్టి మిల్లు ఆడవచ్చు. ఆడవచ్చునన్న ఉత్తర్వు వేరు, ఆడడం వేరు. హమాలీ రావాలి, లారీ రావాలి, లారీ డ్రైవరుకు దారిలో అన్నం దొరకాలి, టైరు పేలితే అతుకు వేసేవాడు కావాలి. అన్నిటికంటె చిత్రమైన చిక్కు గోనెసంచులది. హిందీలో 'బార్దానా' అంటారు. అవి నేయబడేది బెంగాలులో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న జనపనార మిల్లులలో. లాక్‌డౌన్‌తో ఆ మిల్లులు ఆగిపోయాయి. సంచి లేనిదే ధాన్యం కొనుగోలు సాగదు, బియ్యం కదలదు. ఆ సంవత్సరాంతంలో ఛత్తీస్‌గఢ్‌లో వడ్ల సేకరణ ప్రారంభమైనప్పుడు చౌకధరల దుకాణాల నుండి, మిల్లర్ల నుండి పాత సంచులు ఏరి తేవలసి వచ్చింది. హుగ్లీ తీరాన టిటాగఢ్ వంటి చోట్ల జనపనార మిల్లులలో ఉత్తరాంధ్ర నుండి వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా పనిచేశాయి. శ్రీకాకుళంవాని బంధువు బెంగాలులో సంచి నేయాలి, ఆ సంచిలో ఛత్తీస్‌గఢ్ బియ్యం నిండాలి, ఆ బియ్యం ఎక్కడో కొరతగల రాష్ట్రంలో పేదవాని కంచానికి చేరాలి. ఆ ఏడు ఏప్రిల్ నుండి తలకు నెలకు 5 కిలోల చొప్పున ఉచితంగా ఇచ్చిన కేంద్ర పథకపు ధాన్యం ఈ విధంగానే కదిలింది. దేశం ఒక్కటి అని వేదికలమీద చెప్పడం సులభం. ఒక చిరిగిన గోనెసంచి ఆ మాటను రుజువు చేసినట్లు ఉపన్యాసాలు చేయలేవు.

తిల్దా రైలు పట్టాల మీదుగానే మరొక వృత్తాంతం నడిచింది. రాయపూర్, బలౌదా బాజార్, జాంజ్‌గీర్ ప్రాంతాల కూలీలు పంట కోతల తరువాత ఇటుక బట్టీలకు, భవన నిర్మాణానికి దూరప్రాంతాలకు వెళ్ళడం ఎప్పటి నుండో ఉన్నది. హిందీలో దీనిని 'పలాయన్' అంటారు. అనువాదకుడు ఇక్కడ జాగ్రత్త వహించాలి. తెలుగులో పలాయనం అంటే పారిపోవడం, అందులో పిరికితనపు ఛాయ ఉన్నది. కూలి కోసం పోవడానికి మన మాట వలస. పత్రికలలో 'పలాయన్' కనిపించినచోటల్లా వలస అని వ్రాయడం సరియైన పద్ధతి. కాని 2020 ఏప్రిల్‌లో ఆ పద్ధతి తబ్బిబ్బు అయింది. పని ఆగి, కూలి ఆగి, ఇంటి యజమాని అద్దె అడుగుతుండగా రహదారి వెంట నెత్తిన మూటలతో నడిచినవారు వలస పోవడం లేదు, వలస నుండి వెనుకకు వస్తున్నారు. దానికి తెలుగులోనూ మాట లేదు, హిందీలోనూ లేదు.

దక్షిణ ఛత్తీస్‌గఢ్ వారు ప్రతి వేసవీ తెలుగు నేలకు మిరపకాయలు ఏరడానికి వస్తారు. గోదావరి పరీవాహక ప్రాంతపు తోటలలో ఆ ఎర్రని కళ్ళాలు వారి చేతి చలువే. పనులు ఆగిపోయిన తరువాత తెలంగాణలోని ములుగు జిల్లా నుండి ఒక చిన్న బృందం అడవిదారిన నడిచి బయలుదేరింది. వారిలో బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ళ బాలిక ఒకతె ఉన్నది. మూడు రోజులు నడిచింది. ఏప్రిల్ 18న, స్వగ్రామం ఇంక కొద్ది దూరమే ఉన్నదనగా, దారిలోనే ప్రాణం విడిచింది. 'ఘర్ పర్ రహేఁ', ఇంటిలోనే ఉండండి, అన్న ప్రకటన అప్పటికి ఇరవై నాలుగు రోజులుగా ప్రతి ఫోనులోను మోగుతున్నది. ఆ వాక్యం ఇల్లు దగ్గర ఉన్నవానికి ఉద్దేశింపబడిన వాక్యం. అన్ని భాషలలోకి దానిని నిర్దుష్టంగా అనువదించారు. లోపం అనువాదంలో లేదు.

మే 1వ తేదీ తెల్లవారుజామున హైదరాబాద్ సమీపంలోని లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1200 మంది కూలీలతో తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు బయలుదేరింది. ఆగస్టు చివరకు అటువంటి బండ్లు 4,600కు పైగా నడిచి, సుమారు 63 లక్షల మందిని చేరవేశాయి. తిరిగివచ్చినవారిని ఛత్తీస్‌గఢ్ గ్రామాలలో బడులలోను, పంచాయతీ భవనాలలోను పదునాలుగు రోజులు ఉంచారు. ఎండ వేడి, దోమలు, పాముల భయం. రేకుల కప్పు క్రింద నుండి చూస్తే తన ఇంటి పెంకులు కనిపిస్తాయి. తల్లి గిన్నె తెచ్చి గేటు వద్ద పెట్టి పది అడుగులు వెనుకకు జరుగుతుంది, కొడుకు వచ్చి తీసుకొంటాడు. వెయ్యి కిలోమీటర్లు దాటి వచ్చినవానికి ఆ పది అడుగులు దాటడం అసాధ్యమయింది.

బడులలో కూలీలుంటే పిల్లల చదువు ఎక్కడ? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 ఏప్రిల్ 7న 'పఢయీ తుంహర్ దుఆర్' అనే కార్యక్రమం ప్రారంభించింది. చదువు మీ వాకిటికే అని దాని అర్థం. అంతర్జాలం ఉన్న ఇంటికి పాఠం చేరింది. లేని ఇళ్ళకు చేరవలసి వచ్చినప్పుడు ఉపాధ్యాయులు ఇతర ఉపాయాలు వెదికారు. వాడకట్టులో చెట్టు క్రింద తరగతులు పెట్టారు. కొన్ని గ్రామాలలో ధ్వనివర్ధకాల ద్వారా పాఠం వినిపించారు. పాఠాలను ధ్వనిముద్రణ చేసి సంతకు వచ్చినవారి ఫోనులలోకి అంతర్జాలంతో పని లేకుండా పంపే ఏర్పాటు కూడా జరిగింది. తండ్రి ఒక్కనికే ఫోను ఉన్న ఇంటిలో ముగ్గురు పిల్లలు ఎలా చదివారన్నది ఆ తండ్రికే తెలియాలి.

పిల్లలు మాత్రం పెద్దలు చేయలేని పని ఒకటి చేశారు. అక్షయ తృతీయను ఛత్తీస్‌గఢ్‌లో 'అక్తీ' అంటారు. రైతుకు కొత్త సాగు సంవత్సరం, పెళ్ళిళ్ళకు తిరుగులేని ముహూర్తం. 2020లో అది ఏప్రిల్ 26న వచ్చింది. నిశ్చయమైన వివాహాలు అసంఖ్యాకంగా వాయిదా పడ్డాయి. వంటవారికి, బాజాభజంత్రీలవారికి, పెళ్ళి గాజుల వ్యాపారికి ఏడాది సంపాదన పోయింది. కాని అక్తీనాడు పిల్లలు మట్టితో చేసిన 'పుత్రా-పుత్రీ' బొమ్మలకు పెళ్ళి చేస్తారు. పసుపు రాస్తారు, చిన్న పందిరి వేస్తారు, పాటలు పాడుతారు. మన బొమ్మల పెళ్ళివంటిదే. ఆ పెళ్ళికి అతిథుల సంఖ్య మీద నిబంధన లేదు. ఆ సంవత్సరం తల్లులు, తండ్రులు, తాతలు అంతా ఇంటనే ఉన్నారు గనుక బొమ్మలకు మునుపెన్నడూ లేనంత పెద్ద పెళ్ళిబృందం సమకూరింది.

ప్రయాణికుల బండ్లు ఆగినా పట్టాలు ఆగలేదు. బొగ్గు, ఇనుపరాయి, బియ్యం నిరంతరం సాగాయి. ఆగ్నేయ మధ్య రైల్వే అదను చూచి బండిని బండికి తగిలించి నడిపింది. 2020 జూలై 2న నాలుగు ఖాళీ గూడ్సు బండ్లను కలిపి 251 వ్యాగన్లతో, 2.8 కిలోమీటర్ల పొడవున 'శేషనాగ్' నడిచింది. 2021 జనవరి 22న 295 వ్యాగన్ల 'వాసుకి', మూడున్నర కిలోమీటర్లు, భిలాయీ నుండి కోర్బాకు ఈ మార్గానే సాగింది. రైలు గేటు వద్ద సైకిలు దిగి నిలబడ్డవాడు వాసుకి తోక కనిపించేదాకా లెక్కపెట్టుకొనే ఉండాలి. పురాణాలలో క్షీరసాగర మథనానికి వాసుకిని త్రాడుగా వాడారు. ఇక్కడ అది ఖాళీ వ్యాగన్లతో బొగ్గు కోసం పోయింది.

2021 ఏప్రిల్ తాళం వేరు. మొదటి ఏడు చికాకు ఎక్కువ, వ్యాధి తక్కువ. రెండవ ఏడు చికాకుల గురించి మాట్లాడుకొనే తీరిక ఎవరికీ లేకపోయింది. రాయపూర్ ఆసుపత్రులలో మంచం కోసం, ప్రాణవాయువు కోసం పరుగులు. భిలాయీ ఉక్కు కర్మాగారం తన ఆక్సిజన్‌ను ఇతర రాష్ట్రాలకూ పంపింది. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన తొలి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. ఆ నెలలో తిల్దావారు ఫోను మోగితే వెంటనే ఎత్తలేదు, కొంచెం ఆగి ఎత్తారు.

తరువాత క్రమక్రమంగా అన్నీ తెరుచుకొన్నాయి. చిట్టచివర తెరుచుకొన్నది టికెట్టు కిటికీ. తిల్దా నుండి రాయపూర్‌కు రోజూ ఉద్యోగానికి, చదువుకు పోయివచ్చేవారు చాలామంది. హిందీలో వారు 'అప్-డౌన్ కర్తే హైఁ' అంటారు, తెలుగులోనూ అప్ అండ్ డౌన్ చేస్తున్నాడనే అంటాము. 2021 ఫిబ్రవరిలో లోకల్ బండ్లు మళ్ళీ నడవసాగినప్పుడు అవే పెట్టెలు, అవే స్టేషన్లు, పేరు మాత్రం 'స్పెషల్' అయింది. కనీస చార్జీ 10 రూపాయల నుండి 30 రూపాయలయింది. మాస్కులు పోయాయి, వరుసలు పోయాయి, గోడలమీది రెండు గజాల నినాదం వెలిసిపోయింది, ముప్పది రూపాయలు మాత్రం పోలేదు. పూట పూటకూ టికెట్టు కొనే కూలికి అది రోజుకు నలభై రూపాయల అదనపు భారం. అతని దృష్టిలో లాక్‌డౌన్ ఇంకా 'లగే' ఉన్నది. 2024 ఫిబ్రవరి నెలాఖరులో పాత చార్జీ తిరిగివచ్చింది. పది రూపాయల టికెట్టుకు వంద నోటు ఇస్తే చిల్లర లేదనే పాత తగవుకు కిటికీ వద్ద మళ్ళీ అవకాశం కలిగింది.